చైనా వాళ్ళ దురాశ అక్షరంలో ‘ఇప్పుడే డబ్బు’ ఉందా?

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట మా స్టాఫ్‌కి పెట్టిన వ్యక్తిత్వ వికాసం క్లాసులో ట్రైనర్ గారు బోర్డు మీద ఒక చైనా అక్షరం గీశారు. “దురాశ అని రాయాలంటే చైనా వాళ్ళు పైన ‘ఇప్పుడు’ అనీ, కింద ‘డబ్బు’ అనీ రాస్తారు. డబ్బు ఇప్పుడే కావాలనుకోవడమే దురాశ” అన్నారు. నాకు బాగా నచ్చింది. అప్పటినుంచి పెట్టుబడుల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు అదే చెబుతున్నాను. డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవానికి మా కాలేజీలో ఆన్‌లైన్ పెట్టుబడి యాప్‌ల మోసాల మీద సదస్సు పెడుతున్నాం. తల్లిదండ్రులను కూడా పిలుస్తున్నాం. ఆ అక్షరాన్ని పెద్దగా వేయించి గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టిద్దామని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఈలోగా క్లాసులో ఒక అమ్మాయి లేచి, “మేడమ్, మా అన్నయ్య చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఆ కథ నిజం కాదంటున్నాడు” అంది. ఎవరి మాట నిజం? ఆ అక్షరం ఫ్లెక్సీ మీద వేయొచ్చా? ఎలా పలకాలి? గుమ్మంలో పెట్టకూడని చెడ్డ అక్షరం ఏమీ కాదు కదా?

సమాధానం: మేడమ్, ఆ అమ్మాయి అన్నయ్య మాటే నిజం. అలాగని మీ ట్రైనర్ గారు లేనిది ఉన్నట్టు చెప్పలేదు. ఆయన చూపించిన రెండు భాగాలూ ఆ అక్షరంలో ఉన్నాయి. పైన ఉన్నది ‘జిన్’. దాన్ని విడిగా రాస్తే ‘ఇప్పుడు, నేడు’ అని అర్థం. కింద ఉన్నది ‘బేయ్’, అంటే గవ్వ. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే ‘థాన్’ (貪), అంటే దురాశ. పేచీ అంతా పై భాగం దగ్గరే. దాన్ని అక్కడ పెట్టింది అర్థం కోసం కాదు, శబ్దం కోసం.

చైనా అక్షరాలన్నీ బొమ్మలేనని మనలో చాలామంది అనుకుంటారు. సూర్యుడు, చెట్టు, కొండ లాంటివి నిజంగానే బొమ్మల నుంచి వచ్చాయి. మరి దురాశకు, అప్పుకు, పశ్చాత్తాపానికి బొమ్మ ఎలా గీస్తారు? అందుకే చాలా కాలం కిందటే అక్కడి లేఖకులు ఒక ఉపాయం పట్టారు. అక్షరంలో ఒక ముక్క ఆ మాట ఏ కోవకు చెందిందో చెబుతుంది. రెండో ముక్క దాన్ని సుమారుగా ఎలా పలకాలో చెబుతుంది. నేటి చైనా అక్షరాల్లో నూటికి ఎనభైకి పైగా ఈ పద్ధతిలో పుట్టినవే. థాన్ కూడా అంతే. గవ్వ ‘ఇది డబ్బు సంగతి’ అంటుంది, జిన్ ‘నన్ను పలికినట్టే పలుకు’ అంటుంది.

ఇది నా ఊహ కాదు. షూ షెన్ అనే పండితుడు క్రీ.శ. 100 ప్రాంతంలో ‘షువోవెన్ జ్యెజి’ అనే నిఘంటువు పూర్తిచేశాడు. 121లో ఆయన కొడుకు దాన్ని చక్రవర్తికి సమర్పించాడు. తొమ్మిది వేలకు పైగా అక్షరాలను విడదీసి, ఏ ముక్క అర్థానికి, ఏ ముక్క శబ్దానికి అని చెప్పిన తొలి పెద్ద నిఘంటువు అది. అందులో థాన్ గురించి ఉన్నది ఒక్క ముక్కే: వస్తువులను కోరుకోవడం, గవ్వ అర్థానికి, జిన్ శబ్దానికి. ‘ఇప్పుడు’ అన్న ప్రస్తావనే లేదు. షూ షెన్ అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు. ఆయన కాలానికి దొరకని పాత శాసనాలు తర్వాత బయటపడి కొన్ని వివరణలు తప్పని తేలాయి. ఈ అక్షరం విషయంలో మాత్రం ఆయన మాట నిలబడింది.

మీ పిల్లల్లో తెలివైనవాళ్ళు వెంటనే అడుగుతారు: జిన్ ఎక్కడ, థాన్ ఎక్కడ, రెండిటికీ శబ్దంలో పోలికేముంది? మంచి ప్రశ్నే. ఇప్పటి బీజింగ్ ఉచ్చారణలో పోలిక దాదాపు చెరిగిపోయింది. దాన్ని చూడాలంటే దక్షిణానికి వెళ్ళాలి. హాంకాంగ్, గ్వాంగ్‌జౌ వైపు మాట్లాడే కాంటనీస్‌లో ‘ఇప్పుడు’ అక్షరం ‘గమ్’, దురాశ అక్షరం ‘థామ్’. వియత్నాం వాళ్ళు ఇవే అక్షరాలను తమ భాషలోకి తీసుకున్నప్పుడు అవి ‘కిమ్’, ‘థామ్’ అయ్యాయి. కొరియాలో కూడా రెండింటి చివరా ‘మ్’ ఉంది. అక్షరం పుట్టిన రోజుల్లో రెండు మాటలూ ‘మ్’తో ముగిసేవి. ఉత్తర చైనాలో ఆ ‘మ్’ కాలక్రమేణా ‘న్’ అయిపోయింది, మొదటి హల్లులు కూడా దూరమైపోయాయి. జిన్ ముక్కను శబ్దానికి వాడుకున్న అక్షరాలు ఇంకా ఉన్నాయి. స్మరించడం అనే అక్షరంలోనూ, నోట్లో పెట్టుకోవడం అనే అక్షరంలోనూ పైన అదే జిన్ కూర్చుని ఉంటుంది. మీ ట్రైనర్ గారి లెక్క ప్రకారం వెళితే స్మరణ అంటే ‘ఇప్పుడు + హృదయం’ అని ఇంకో కొటేషన్ తయారవుతుంది. నిజానికి తయారైంది కూడా, ధ్యానం క్లాసుల్లో చెబుతుంటారు!

ఇలాంటివి ప్రపంచమంతా తిరుగుతున్నాయి. చైనా భాషలో ‘సంక్షోభం’ అంటే ‘ప్రమాదం + అవకాశం’ అని మీరు కూడా ఎక్కడో వినే ఉంటారు. జాన్ ఎఫ్. కెన్నెడీ 1959లోనే ఒక ప్రసంగంలో ఆ మాట చెప్పాడు. అందులో రెండో అక్షరం ఒంటరిగా ‘అవకాశం’ కాదు, ‘కీలక ఘట్టం’ లాంటిది. వినడానికి బాగున్న కథను ఎవరూ వెరిఫై చేయరు. కామర్స్ చెప్పే మీకు ఈ జబ్బు గురించి నేను చెప్పేదేముంది, పెట్టుబడి యాప్‌లు నడిచేది కూడా దాని మీదే కదా.

ఇక కింది సగం సంగతి. నన్నడిగితే క్లాసులో చెప్పాల్సిన అసలు కథ ఇది. గవ్వలు సముద్రంలో దొరుకుతాయి. పాత చైనా రాజ్యాల కేంద్రం ఏమో హువాంగ్ నది లోయలో, సముద్రానికి దూరంగా ఉంది. పాత చైనాను ఏలిన షాంగ్ వంశపు చివరి రాజధాని అన్యాంగ్‌లో 1976లో ఫూ హావో అనే రాణి సమాధి చెక్కుచెదరకుండా బయటపడింది. ఆమె క్రీ.పూ. 1200 ప్రాంతంలో బతికిన మనిషి, సైన్యాన్ని నడిపిన రాణి. ఆ సమాధిలో కంచు పాత్రలు, పచ్చరాతి నగలతో పాటు ఆరు వేలకు పైగా గవ్వలు దొరికాయి. ఆ తర్వాతి కాలపు కంచు పాత్రల మీద ‘రాజుగారు నాకు ఇన్ని దండల గవ్వలు ఇచ్చారు, అందుకే ఈ పాత్ర పోయించాను’ అని చెక్కిన శాసనాలు చాలా ఉన్నాయి. ఎక్కడో వెచ్చని సముద్రాల నుంచి చేతులు మారుతూ రావాలి కాబట్టి గవ్వకు విలువ. తేలిగ్గా దొరకదు, పాడైపోదు, లెక్క పెట్టడం సులువు, దొంగది చేయడం కష్టం. డబ్బుకు ఉండాల్సిన లక్షణాలని మీరు ఫస్టియర్‌లో బోర్డు మీద రాసే జాబితా ఇదే.

నాణేలు వచ్చాక గవ్వలు వాడకంలోంచి పోయాయి, లిపిలో మాత్రం ఉండిపోయాయి. కొనడం, అమ్మడం, సరుకు, ఖరీదు, ఖర్చు, బహుమతి, అప్పివ్వడం, లంచం - వీటన్నిటి పాత రూపాల్లోనూ గవ్వ ఉంది. మనకు కూడా గవ్వ కొత్తేం కాదు. మన దేశంలో గవ్వలు చిల్లర డబ్బుగా చలామణీ అయిన రోజుల గుర్తుగానే ‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అని ఇప్పటికీ అంటున్నాం. పిల్లలకు బేయ్ భాగాన్ని పరిచయం చేయడానికి ఈ మాట చాలు.

మీకు పనికొచ్చే చమత్కారం ఒకటి చైనా వాళ్ళ దగ్గరే ఉంది. ‘ఇప్పుడే డబ్బు’ కన్నా చాలా బాగుంటుంది, పైగా అసలైన సరుకు. చైనా లిపిలో ‘పేదరికం’ అనే అక్షరం దురాశ అక్షరానికి దాదాపు కవల. దాని పేరు ‘పిన్’ (貧). కింద అదే గవ్వ. పైన జిన్‌కి బదులు ‘పంచడం, విడదీయడం’ అనే అక్షరం. పాత లిపిలో రెండూ పదకొండేసి గీతలు, 1950ల నుంచి చైనా ప్రభుత్వం తెచ్చిన సరళ లిపిలో రెండూ ఎనిమిదేసి గీతలు. చదువుకున్న చైనా వాళ్ళు కూడా తొందరలో ఒకదాన్ని ఇంకొకటిగా చదువుతుంటారు. దీని మీదే కాంటనీస్‌లో ఒక సామెత పుట్టింది: ‘థామ్ జీ దక్ గో పన్’. అంటే, దురాశ అనే అక్షరం చివరికి మిగిల్చేది పేదరికం అనే అక్షరాన్నే. హాంకాంగ్‌లో షేర్లలో చేతులు కాల్చుకున్నవాళ్ళను చూసి పెద్దవాళ్ళు అనే మాట ఇది. ఇది అక్షరం పుట్టుక గురించి చెప్పే కథ కాదు, రెండు అక్షరాల పోలిక మీద ఆడిన ఆట. ఆటగానే చెబుతారు కాబట్టి ఇందులో అబద్ధం లేదు. మీ సదస్సులో చూపించే స్లైడ్‌కి ఇంతకంటే తగినది నాకు కనిపించలేదు.

ఇక్కడ మీ ట్రైనర్ గారి తరఫున ఒక మాట. పేదరికం అక్షరంలో పైనున్న ‘పంచడం’ ముక్క శబ్దానికీ పనికొస్తుంది, అర్థానికీ పనికొస్తుంది. ఉన్న సంపదను ముక్కలుగా పంచితే తరిగిపోతుందని షూ షెన్ స్వయంగా రాశాడు. పక్క అక్షరంలో రెండు ముక్కలూ అర్థం చెబుతున్నప్పుడు దీనిలో మాత్రం ఎందుకు చెప్పవని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ కథ పుట్టడం వింత కాదు. మీరు దాన్ని పూర్తిగా మానేయక్కర్లేదు కూడా. ‘ఈ అక్షరం గుర్తు పెట్టుకోవడానికి ఒక చిట్కా’ అని చెప్పండి, చాలు. ‘చైనా వాళ్ళు ఇలా ఆలోచించి రాశారు’ అని మాత్రం చెప్పొద్దు.

ఈ మాటను రోజూ ఎలా వాడతారో కూడా తెలుసుకోండి, ఎందుకంటే థాన్ మన ‘దురాశ’ అంత బరువైన మాట కాదు. బరువుగా వాడే చోట్లు ఉన్నాయి. లంచగొండి అధికారి ‘థాన్ గ్వాన్’. ప్రభుత్వ సొమ్ము మింగడం ‘థాన్ వూ’. చియెన్‌లోంగ్ చక్రవర్తికి కుడిభుజంగా ఉండి అంతులేని ఆస్తి పోగేసిన హేషెన్ అక్కడ ఈ మాటకు మారుపేరు. చక్రవర్తి పోయిన కొద్ది రోజులకే, 1799లో, కొత్త చక్రవర్తి అతని ఆస్తి జప్తు చేసి ప్రాణం తీసుకోమని ఆజ్ఞాపించాడు. ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క, పొద్దస్తమానం ఆడుకునే పిల్లాణ్ణి వాళ్ళమ్మ ‘థాన్ వాన్’ అంటుంది, అంటే ఆటపిచ్చి. ఎంత లేపినా లేవనివాడు ‘థాన్ ష్వెయ్’, మన నిద్రపోతు. పాత నోకియా ఫోన్లలో పాము ఆట గుర్తుందా? తింటూ తింటూ పొడుగై చివరికి తన ఒంటికే తగిలి చచ్చిపోయే పాము. చైనాలో ఆ ఆట పేరు ‘థాన్ ఛీ షె’, తిండిపోతు పాము. ఇది చెబితే మీ క్లాసులో ఎవరూ మర్చిపోరు.

సామెతలు కూడా చాలానే ఉన్నాయి. ‘ఎక్కువ కావాలని నోట్లో కుక్కుకుంటే నమలలేవు’ అని ఒకటి ఉంది. మన ‘ఆశ లావు, పీక సన్నం’ దానికి అన్నదమ్ముడు. మీ సదస్సుకు సరిగ్గా సరిపోయేది ఇంకొకటి: చిన్న లాభానికి ఆశపడితే పెద్ద నష్టం తినాలి. మొదట వంద పెడితే నూటయాభై వెనక్కి ఇచ్చి, నమ్మకం కుదిరాక లక్షలు లాగేసే యాప్‌ల పద్ధతి ఇదే కదా.

అనువాదంలో ఒక్క జాగ్రత్త. స్లైడ్ మీద థాన్ పక్కన ‘లోభం’ అని రాయకండి. అరిషడ్వర్గాల్లో లోభం ఉంది కాబట్టి చెయ్యి అటు వెళుతుంది. కానీ మన వాడుకలో లోభి అంటే పిసినారి, ఉన్నది ఖర్చు పెట్టనివాడు. థాన్ అంటే లేనిదాని కోసం చెయ్యి చాచడం. పిసినారితనానికి చైనా వాళ్ళకు వేరే మాటలున్నాయి. ‘దురాశ’, ‘పేరాశ’ సరిగ్గా సరిపోతాయి.

లోభం మాట వచ్చింది కాబట్టి మీ ప్రాంతానికి ఉన్న ఒక సంబంధం చెప్పకుండా ఉండలేను. బౌద్ధ గ్రంథాలు సంస్కృతం నుంచి చైనా భాషలోకి వెళ్ళినప్పుడు రాగం, ద్వేషం, మోహం అనే మూడు విషాల్లో మొదటిదానికి ఈ థాన్ అక్షరమే దొరికింది. ‘థాన్, ఛెన్, ఛీ’ అని ఆ మూడింటినీ ఇప్పటికీ ఒక్క గుక్కలో చెబుతారు. ఆ అనువాదకుల్లో అందరికంటే పేరున్నవాడు మన పాఠ్యపుస్తకాల్లో హ్యుయాన్‌త్సాంగ్‌గా కనిపించే షువాన్‌జాంగ్. ఏడో శతాబ్దంలో ఆయన వేంగి ప్రాంతానికీ, ధాన్యకటకానికీ వచ్చాడు. ధాన్యకటకం అంటే మీకు దగ్గరలోని అమరావతి, ధరణికోట. 645లో చైనాకు తిరిగి వెళ్ళి, 664లో పోయేదాకా అనువాదాలు చేస్తూనే ఉన్నాడు. ఆయన ‘రాగం’ అన్నచోట థాన్ అని రాశాడు, ‘అలోభం’ అన్నచోట ‘థాన్ లేకపోవడం’ అని రాశాడు. మనకు రెండు మాటలు, ఆయనకు ఒక్కటే అక్షరం. దాంతో డబ్బు మీద ఆశే కాకుండా ఏ అనుబంధమైనా థాన్ కిందికి వచ్చింది. గవ్వతో మొదలైన అక్షరం అలా మనసు దాకా వచ్చేసింది.

నిఘంటువులు పక్కన పెట్టి, సదస్సులో చెప్పడానికి మంచి కథ కావాలంటే క్రీ.పూ. 558 నాటి సంఘటన ఒకటుంది. సోంగ్ రాజ్యంలో త్జ్-హాన్ అనే మంత్రి దగ్గరికి ఒక సామాన్యుడు జేడ్ రాయి పట్టుకొచ్చాడు. మంత్రి తీసుకోలేదు. “రాళ్ళు చెక్కేవాడికి చూపించాను, గొప్ప నిధి అన్నాడు, అందుకే తమకు తెచ్చాను” అన్నాడు ఆ మనిషి. దానికి త్జ్-హాన్, “నీకు ఈ రాయి నిధి. నాకు ఆశపడకపోవడం నిధి. ఇది నాకిస్తే ఇద్దరమూ మన నిధులు పోగొట్టుకుంటాం. ఎవరిది వాళ్ళ దగ్గర ఉంచుకుందాం” అన్నాడు. అక్కడ ఆయన వాడిన మాట ‘బు థాన్’, థాన్ కాకపోవడం. ఉపన్యాసాల్లో కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చింది తర్వాతి భాగం. ఆ మనిషి సాష్టాంగపడి, “నాలాంటి చిన్నవాడు ఇంత ఖరీదైన రాయి పట్టుకుని ఊళ్ళు దాటలేడు. ఇది మీకిచ్చి ప్రాణం దక్కించుకుందామని వచ్చాను” అన్నాడు. లంచం ఇవ్వడానికి కాదు, దొంగల భయంతో వచ్చాడన్నమాట! త్జ్-హాన్ అతన్ని తన పేటలోనే ఉంచి, రాయిని పనివాడితో చెక్కించి, అతను దాన్ని అమ్ముకుని డబ్బు చేసుకున్నాక ఇంటికి పంపించాడు. నీతి చెప్పి ఊరుకోలేదు, ఎదుటివాడి కష్టమేమిటో విని దారి చూపించాడు.

గ్వాంగ్‌జౌ దగ్గర ‘దురాశ ఊట’ అని ఒక నీటి ఊట కథ కూడా ఉంది. ముత్యాలు, విదేశీ సరుకులు దిగే రేవు అది, వచ్చిన ప్రతి అధికారీ చెడిపోయేవాడు. జనం నేరం ఆ నీళ్ళ మీద వేశారు, తాగితే ఆశ పుడుతుందని. క్రీ.శ. 402 ప్రాంతంలో గవర్నరుగా వచ్చిన వూ యిన్‌జ్ కావాలనే ఆ నీళ్ళు తాగి, గట్టివాడి మనసు దీనితో మారదని పద్యం చెప్పి, ఉద్యోగమంతా నిప్పులా చేశాడు.

గుమ్మంలో పెట్టొచ్చా అని అడిగారు. పెళ్ళిపత్రికల మీద, కొత్త సంవత్సరం తోరణాల మీద వేసే అక్షరమైతే కాదు. శుభం, ఐశ్వర్యం లాంటి అక్షరాల పక్కన దీన్ని ఎవరూ వేలాడదీయరు. కానీ చూస్తే అరిష్టం అనే పట్టింపు లేదు. షాన్‌డోంగ్ రాష్ట్రంలో కన్ఫ్యూషియస్ పుట్టిన చూఫూ ఊళ్ళో, ఆయన వంశస్థులు ఉన్న పెద్ద భవనంలో, లోపలి నుంచి బయటికి వెళ్ళేవాళ్ళకు కనిపించే గోడ మీద ‘థాన్’ అనే జంతువు బొమ్మ ఉంది. చుట్టూ నిధులు పడి ఉన్నా చాలక సూర్యుణ్ణి మింగబోతుంది. అధికారం చేతిలో ఉన్న ఇంటివాళ్ళు రోజూ బయటికి వెళ్ళే ముందు తమను తాము హెచ్చరించుకోవడానికి వేయించుకున్న బొమ్మ అది. అంటే గుమ్మంలో పెట్టిన సందర్భమే ఉంది. అయితే వాళ్ళు ఇంటివాళ్ళకు కనిపించేలా లోపలి వైపు పెట్టుకున్నారు, వచ్చే అతిథులకు చూపించడానికి కాదు.

అందుకే మీ ఫ్లెక్సీ సంగతిలో నా సలహా: అక్షరం హాల్లో స్లైడ్ మీద వేయండి, గేటు దగ్గర వద్దు. ఆ రోజు వచ్చే తల్లిదండ్రుల్లో ఇలాంటి యాప్‌లలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఇంట్లో చెప్పుకోలేక, పోలీసు స్టేషన్‌కి వెళ్ళలేక నలిగిపోతుంటారు. వాళ్ళలో ఎక్కువమంది కోట్లకు ఆశపడినవాళ్ళు కాదు, అమ్మాయి పెళ్ళికో అబ్బాయి ఫీజుకో నాలుగు రూపాయలు కలిసొస్తాయనుకున్నవాళ్ళు. లోపలికి అడుగు పెట్టకముందే మనిషెత్తున ‘దురాశ’ అని కనిపిస్తే, ‘తప్పు నీదే’ అని ముఖం మీద చెప్పినట్టే. అలాంటివాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు, లేదా వచ్చి నోరు విప్పకుండా కూర్చుంటారు. మీ సదస్సు ఎవరి కోసమో వాళ్ళకే అందకుండా పోతుంది.

స్లైడ్ తయారు చేసేటప్పుడు ఒక పని మర్చిపోకండి. మన ఫ్లెక్సీ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో పనిచేసే కంప్యూటర్లుంటాయి. చైనా అక్షరం కాపీ చేసి అక్కడ పేస్ట్ చేస్తే ఖాళీ పెట్టెలో, ప్రశ్నార్థకాలో వస్తాయి. మీరే ఇంట్లో ఉచితంగా దొరికే నోటో చైనా ఫాంట్‌తో పెద్దగా పెట్టి, ఇమేజ్‌గానో పీడీఎఫ్‌గానో ఇవ్వండి. వచ్చాక పోల్చి చూసుకోండి. పైన రెండు ఏటవాలు గీతలు కొసలు కలిసి ఇంటి కప్పులా ఉంటే అది దురాశ. ఆ రెండు గీతలు కలవకుండా విడివిడిగా ఉంటే పేదరికం. సామెత కోసం రెండూ పక్కపక్కన వేస్తున్నారు కాబట్టి తారుమారైతే మొత్తం నవ్వులపాలవుతుంది. పాత లిపి వాడితే రెండిటికీ పాత లిపే వాడండి. గవ్వ ఆకారం అందులోనే బాగా తెలుస్తుంది, పైగా సామెత పుట్టిన హాంకాంగ్‌లో నేటికీ ఆ లిపే నడుస్తోంది.

పలకడం కష్టమేం కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చాలామంది ‘టాన్’ అంటారు. మన ‘థ’ దగ్గరగా ఉంటుంది, నాలుక పళ్ళకు తగిలించి ఊపిరి బయటికి వదలాలి. గొంతు ఎత్తులో మొదలుపెట్టి, దించకుండా, సాగదీసినట్టు సమంగా పలకాలి. గొంతు దిగిందంటే అది బొగ్గో, నిట్టూర్పో అయిపోతుంది. ‘పిన్’ దగ్గర ‘ప’ తర్వాత ఊపిరి వదిలి, ప్రశ్న అడిగినట్టు గొంతు పైకి తీసుకెళ్ళండి. ‘ఫిన్’ అనకండి, మనం ‘ఫ’ని పళ్ళు పెదవికి ఆనించి పలకడానికి అలవాటు పడిపోయాం. ఆ అమ్మాయికి అభ్యంతరం లేకపోతే వాళ్ళ అన్నయ్యతో రెండూ పలికించి రికార్డు తెప్పించుకోండి. తప్పు పట్టినందుకు క్లాసులో ఆమెను మెచ్చుకుంటే ఇంకా మంచిది. టీచర్ చెప్పినదాన్ని సరిచూసుకునే పిల్ల యాప్ చెప్పినదాన్ని కూడా సరిచూసుకుంటుంది.

గేటు దగ్గర ఫ్లెక్సీ కావాలని ప్రిన్సిపాల్ గారు పట్టుబడితే, దాని మీద 1930 నంబరు వేయించండి. సైబర్ మోసంలో డబ్బు పోయిన వెంటనే చేయాల్సిన ఫోన్ అది. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకుండా ఆపే వీలు అంత ఉంటుంది. దాని కింద, పెట్టుబడి సలహా ఇచ్చేవాళ్ళకు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోమనీ, డిపాజిట్లు అడిగే కంపెనీ మీద అనుమానం వస్తే రిజర్వు బ్యాంకు వాళ్ళ ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చనీ రెండు లైన్లు తెలుగులో రాయించండి. అక్షరాలు బస్సులో వెళ్ళేవాళ్ళకు కూడా కనిపించేంత పెద్దవిగా ఉండాలి. మీ ఫోటోలు, ప్రిన్సిపాల్ గారి ఫోటో వేయించకపోతే చోటు సరిపోతుంది.